ఆశుసంగీతం వెనక సాధన

ఆశువుగా వాయించడమంటే అప్పటికప్పుడు ఆకాశం నుంచి ఊడిపడేదని మనలో చాలామంది నమ్మకం. అది సరికాదని పాత టెలివిజన్ చిత్రాలు రుజువు చేస్తున్నవి.

1965లో అమెరికా నల్లజాతి జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ యూరపు పర్యటిస్తూ బ్రిటన్, బెల్జియం, హాలండు టెలివిజన్లలో వాయించాడు. కెమెరా ఆయన చేతిని చూపిస్తుంది. మీటడానికి బిళ్ళ లేదు, బొటనవేలే వున్నది. మొదట ఒంటి స్వరాలు, తరువాత అదే స్వరం రెండు స్థాయిలలో జంటగా, చివరకు స్వరాల గుత్తులు. కల్పన మెట్టుమెట్టుగా ఎదుగుతుంది. పగలు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని నేర్చుకున్న ఏళ్ళు ఆ వేలి వెనక వున్నవి.

ఇటువంటి సాధనే మన గోదావరి సీమలోనూ జరిగింది. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ చేపట్టిన మాండొలిన్‌పై నాదం నిలవదు, గమకం సులువుగా పలకదు. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడేవారు. శిష్యుడు ఆ పాటను తీగ మీద వెతికేవాడు. జంట తీగలు తీసి ఒంటి తీగలు కట్టి, విద్యుత్తు జోడించి, వాద్యాన్నే మార్చుకున్నాడు. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పద్నాలుగేళ్ళ ఆ కుర్రవాడు వాయించింది కర్ణాటక సంగీతమే. రాగం వేరు, జాజ్ బాణీ వేరు. కట్టుబాటు లోపల స్వేచ్ఛ మాత్రం రెంటికీ ప్రాణం.

దీన్ని పూర్వజన్మ సుకృతమంటే పొగడ్తలాగే వుంటుంది. కాని అశ్వారావుపేట అడవి అంచున పుట్టిన పిల్లవాడికి “నీకు రాసిపెట్టి లేదు” అని చెప్పేదీ ఆ మాటే.