నల్లకుంట ఠాణా, కేల్కర్ మాస్టారు

1983లో అత్యాచార చట్టాలు మారిన కథను ఎవరు రాసినా ఢిల్లీలోనే మొదలుపెడతారు. 1979 సెప్టెంబర్ 16న నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు, దేశం కదిలింది అంటారు. హైదరాబాద్‌లోని మా నల్లకుంట పేరు ఎక్కడో అడుగున ఒక వాక్యంలో వస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు. శంకరమఠానికీ ఫీవర్ ఆస్పత్రికీ మధ్య బతుకుతున్న మాకు ఇది మింగుడుపడని సంగతి.

తేదీలు చూడండి. 1978 మార్చి చివర్లో, రాత్రి సినిమా చూసి ఇంటికి పోతున్న పేద ఆలుమగల్ని మా ఠాణాకు పట్టుకుపోయారు. ఆమెపై పోలీసులే అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా కేసు రాయచూరుకు తరలిపోయి, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఠాణాలోనే అత్యాచారానికి గురైన మథుర అనే అమ్మాయి కేసులో, పోలీసులను వదిలేసిన సుప్రీంకోర్టు తీర్పు 1978 సెప్టెంబర్‌లో వచ్చింది. దానిమీద లేఖ ఆ మరుసటి ఏడు. మరి మా వీధులు ముందా, ఢిల్లీ ముందా?

అయితే, చట్టం తెచ్చింది మనమే, ప్రొఫెసర్లది ఉత్త కాగితం అని మా పేటలో కొందరనే మాటనూ నేను ఒప్పుకోను. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్‌లతో పాటు సంతకం చేసిన రఘునాథ్ కేల్కర్ క్రిమినల్ ప్రొసీజర్ చెప్పిన మాస్టారు. ఆయన పుస్తకాన్ని తర్వాత కె.ఎన్. చంద్రశేఖరన్ పిళ్లై సవరిస్తూ వచ్చారు. లా విద్యార్థులకు ‘కేల్కర్’ అంటే ఆ పుస్తకమే.

లేఖలో అందరూ సమ్మతి చర్చనే ఎత్తిచూపుతారు. నాకు అంతకన్నా విలువైన చోటు మరొకటుంది. మథురను స్టేషన్‌కు పిలిపించి ఉంచేయడమే చట్టవిరుద్ధమైతే, దానిమీద కోర్టు ఒక్క మాటైనా అనలేదేమని నిలదీశారు. దర్యాప్తు కోసం ఆడవాళ్లను ఇంటి దగ్గరే ప్రశ్నించాలి తప్ప ఠాణాకు రమ్మనకూడదని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 160వ సెక్షన్ చెప్పేది. లేఖ పేరు చెబితే బక్షినే తలుస్తారు గానీ, ఈ మాటలో కేల్కర్ చెయ్యి ఉందని నా నమ్మకం. జరిగిన ఘోరానికి శిక్ష గురించి ఎవరైనా మాట్లాడతారు. అసలు గడప దాటించడంలోనే చట్టం తప్పిందని పట్టుకునేది ప్రొసీజర్ తెలిసినవాడి కన్ను. మా పేట గాయానికి తగిన ప్రశ్న కూడా అదే.

కస్టడీ అత్యాచారానికి ప్రత్యేక శిక్ష, సాక్ష్య చట్టంలో 114ఎ సెక్షన్, రహస్య విచారణ 1983లో వచ్చాయి. వీధి ఒక్కటే వాటిని తేలేదు, లేఖ ఒక్కటే తేలేదు. 2024 జూలై 1 నుంచి ఆ 160వ సెక్షన్ కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో 179 అయింది. దాన్ని పాఠంగా చెప్పే ప్రతి అధ్యాపకుడూ కేల్కర్‌తో పాటు నల్లకుంటనూ తలవాలి. మా పక్కనే ఉన్న ఉస్మానియాలో ఆ పని ముందు మొదలుకావాలి.