పదేళ్లు ఆలస్యంగా వచ్చిన వేగం

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి కారు తాళాలు అందజేసిన ఘట్టం మన ఆర్థిక చరిత్రలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. అదే ఏడాది దేశంలో అడుగుపెట్టిన మరో జపాన్ యంత్రాన్ని మాత్రం మోటారు సైకిల్ ప్రియులు తప్ప ఎవరూ తలచుకోరు. ఫరీదాబాద్ కేంద్రంగా పనిచేసే ఎస్కార్ట్స్ సంస్థ, యమహా ఆర్‌డీ 350ను లైసెన్సు ఒప్పందంపై ఇక్కడే తయారు చేసి 'రాజ్‌దూత్ 350' పేరుతో విక్రయించింది. లైసెన్స్ రాజ్ ఎలా సడలిందో, ఎంత మేరకు సడలిందో ఈ బండి చరిత్ర స్పష్టంగా చూపుతుంది.

అప్పటి భారతీయుడికి ఉన్న ఎంపిక పరిమితం. బుల్లెట్ పుట్టిల్లు బ్రిటన్, యెజ్దీది చెకోస్లొవేకియా, పాత రాజ్‌దూత్ 175ది పోలండ్. అన్నీ పాత తరం నమూనాలే. దిగుమతులపై ఆంక్షలు, ఉత్పత్తిపై లైసెన్సు పరిమితులు ఉన్నందున వాటిని మెరుగుపరచాల్సిన ఒత్తిడి తయారీదారులకు లేదు.

ఆ నిశ్చల మార్కెట్‌లోకి 347 సీసీల, రెండు సిలిండర్ల, ఆరు గేర్ల టూ స్ట్రోక్ యంత్రం వచ్చింది. అయితే మనకు కొత్తగా కనిపించిన ఈ బండి ప్రపంచానికి అప్పటికే పాతబడింది. జపాన్‌లో అది 1973 నాటి నమూనా. 1975తో దాని ఉత్పత్తి ముగిసి, మరుసటి ఏడాది ఆర్‌డీ 400 ఆ స్థానాన్ని ఆక్రమించింది. పైగా మన దాకా వచ్చేసరికి దాని పదును తగ్గింది. అసలు బండి శక్తి 39 హార్స్‌పవర్ కాగా, మన తొలి 'హై టార్క్' రకానిది సుమారు 30, తర్వాతి 'లో టార్క్' రకానిది 27. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు పోయి డ్రమ్ బ్రేకు వచ్చింది. అంత తగ్గించినా అది నాటి బుల్లెట్ కంటే ఎంతో శక్తిమంతమైనదే. ఆర్‌డీ అంటే 'ర్యాపిడ్ డెత్' అనే నల్లహాస్యం పుట్టడానికి ఆ వేగమూ, ఆ బ్రేకులూ రెండూ కారణమే.

అయినా అది మార్కెట్‌లో నిలవలేదు. పెట్రోలు విపరీతంగా తాగేది. విడిభాగాలు సులభంగా దొరికేవి కావు. దాని మర్మమెరిగిన మెకానిక్కులు తక్కువ. మరోవైపు సుజుకీ, హోండా, యమహా, కవాసాకీల సాంకేతికతతో 1984-86 మధ్య 100 సీసీ బండ్లు వరుసగా వచ్చాయి. ముడిచమురు దిగుమతుల భారం మోస్తున్న దేశానికీ, నెల జీతంపై బతికే మధ్యతరగతికీ కావలసింది వేగం కాదు, మైలేజీ. దశాబ్దం ముగిసేసరికి రాజ్‌దూత్ 350 ఉత్పత్తి నిలిచిపోయింది.

నాడు కొనేవారు కరవైన ఆ బండికే నేడు లక్షలు పలుకుతున్నాయి. కొనుగోలుదారులు ముందుగా ఇంజన్, ఛాసిస్ నంబర్లను ఆర్‌సీతో సరిచూస్తారు. తర్వాత అసలు సైలెన్సర్లు ఉన్నాయా, ఇంజనులో ఆయిల్‌ను తగు పాళ్లలో కలిపే ఆటోలూబ్ పంపును పీకేశారా, సిలిండర్లను ఎన్నిసార్లు బోరింగ్ చేయించారు అని ఆరా తీస్తారు. నడిపేటప్పుడు తక్కువ వేగంలో మందకొడిగా కదిలే యంత్రం ఇంజన్ వేగం పెరిగాక ఒక్కసారిగా ముందుకు ఉరుకుతుంది. ఆ అనుభూతికే అంత వెల.

ఇక్కడే ప్రభుత్వ విధానం మళ్లీ అడ్డు నిలుస్తుంది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనానికే 'వింటేజ్' గుర్తింపు. 1983 నాటి బండికి ఆ అర్హత 2033లో గానీ రాదు. ఈలోగా అది చట్టం దృష్టిలో కేవలం కాలం చెల్లిన వాహనం. ఢిల్లీ పరిసర ప్రాంతంలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలపై నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత దాని అమలు ఎన్నో మలుపులు తిరిగింది. బండిని తయారు చేసిన సంస్థ ఊరు ఫరీదాబాద్ కూడా ఆ పరిధిలోనిదే.

టూ స్ట్రోక్ పొగ హానికరమన్నది నిర్వివాదం. నిత్యం రోడ్డెక్కే వేల బండ్లకు మినహాయింపు అడగడం బాధ్యతారాహిత్యమే. కానీ ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే బయటికొచ్చే యంత్రాన్నీ, రోజంతా నగరంలో తిరిగే వాహనాన్నీ ఒకే వయసు కొలతతో కొలవడం విధానం కాదు. 30 ఏళ్లు దాటిన వాహనాలకు పరిమిత కిలోమీటర్ల, పరిమిత రోజుల అనుమతి ఇచ్చే మధ్యంతర వర్గం ఒకటి ఏర్పరచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 1980ల పారిశ్రామిక చరిత్ర దస్త్రాల్లోనే లేదు. కొందరు యజమానుల షెడ్లలో, వయసు మళ్లుతున్న మెకానిక్కుల చేతుల్లో కూడా ఉంది. ఆ మెకానిక్కులు 2033 దాకా పనిలో ఉంటారన్న హామీ ఏ నిబంధనా ఇవ్వలేదు.