బంతి లేచేదాకా ఆగండి: లైనక్స్‌లో ఆర్‌సీయూ చరిత్ర

కిందటి ఎపిసోడ్‌లో కెర్నల్ లాక్‌ల గురించి చెప్పుకున్నాం. ఇవాళ, చదివేవాళ్ళు లాక్ తీసుకోకుండానే పని జరిపించిన ఒక ఆలోచన గురించి చెప్తాను. పేరు రీడ్-కాపీ-అప్‌డేట్, పొట్టిగా ఆర్‌సీయూ.

1996లో వచ్చిన లైనక్స్ 2.0 ఒకటికి మించి ప్రాసెసర్లున్న మెషీన్ల మీద నడిచింది. కానీ కెర్నల్ మొత్తానికీ ఒకటే బిగ్ కెర్నల్ లాక్. ఒక ప్రాసెసర్ లోపలుంటే మిగతావి బయట నిలబడాల్సిందే. తర్వాత దాన్ని చిన్న చిన్న లాక్‌లుగా విడగొట్టారు. అయినా ఊరికే చదవడానికి కూడా లాక్ తీసుకోవాలంటే, ఆ లాక్ ఉన్న మెమరీ కోసమే ప్రాసెసర్లు కొట్టుకుంటాయి.

మరి లాక్ తీసేస్తే? చిక్కంతా అక్కడే ఉంది. నేను ఒక రికార్డు చదువుతుండగా మీరు దాన్ని తొలగించి మెమరీ వెనక్కి ఇచ్చేశారనుకోండి. నా చేతిలో పాయింటర్ అలాగే ఉంది, అక్కడున్నది మాత్రం ఇంకెవరిదో డేటా. సిస్టమ్ కూలిపోవచ్చు, దాడి చేసేవాడికి దారీ దొరకొచ్చు.

1990ల మొదట్లో అమెరికాలోని సీక్వెంట్ కంపెనీలో పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ తమ డైనిక్స్/పీటీఎక్స్ సిస్టమ్ కోసం దీనికో దారి కనిపెట్టారు. మన పెళ్ళి భోజనాలు గుర్తుచేసుకోండి. బంతి లేవకుండా విస్తళ్ళు ఎత్తరు కదా! కొత్తగా వచ్చినవాళ్ళని వేరే బంతిలో కూర్చోబెడతారు. ఇదీ అంతే. మార్చాల్సినవాడు కాపీ తీసి, దాన్ని మార్చి, పాయింటర్‌ని దానివైపు తిప్పుతాడు. కొత్తగా వచ్చేవాళ్ళకి కొత్త కాపీయే కనిపిస్తుంది. పాతదాన్ని చదువుతున్నవాళ్ళంతా లేచాకే దాని మెమరీ వెనక్కి ఇస్తాడు. ఆ నిరీక్షణ పేరే గ్రేస్ పీరియడ్.

ఎవరు లేచారో తెలిసేదెలా? చదివేటప్పుడు మధ్యలో ప్రాసెసర్‌ని వదలకూడదని నియమం. కాబట్టి ప్రతి ప్రాసెసరూ ఒకసారి వేరే పనికి మారిందంటే పాత బంతి లేచినట్టే. అందుకే ఆ పద్ధతిలో చదివేవాళ్ళకి ఖర్చు దాదాపు సున్నా. భారమంతా మార్చేవాళ్ళమీదే.

1999లో సీక్వెంట్‌ని ఐబీఎం కొనేసింది. 2002 అక్టోబర్‌లో, 2.5.43తో, ఆర్‌సీయూ లైనక్స్‌లో చేరింది. ఆ పనిలో ఐబీఎం ఇంజనీర్ దీపాంకర్ శర్మది ముఖ్యమైన పాత్ర. 2003లో ఐబీఎం మీద ఎస్‌సీఓ మొదలుపెట్టిన కోర్టు గొడవలోకి కూడా దీన్ని లాగారు. ఆర్‌సీయూ మాత్రం కెర్నల్లోనే నిలిచింది. బిగ్ కెర్నల్ లాకే 2011లో, 2.6.39తో వెళ్ళిపోయింది.

నా దృష్టిలో ఇక్కడ గొప్పతనం వేగం ఒక్కటే కాదు. చదివేవాడిని ఆపకుండా, పారేసేవాడిని కాసేపు ఆపడం. అయితే కాపీ పూర్తిగా సిద్ధం కాకముందే పాయింటర్ తిరిగితే? వచ్చే ఎపిసోడ్‌లో ఆ మెమరీ బారియర్ల సంగతి చూద్దాం.