పసివాని స్నానపీఠం

పిఠాపురం పేరు వినగానే మనకు పాదగయ స్ఫురిస్తుంది. గయాసురుని శిరస్సు గయలోను, నాభి ఓఢ్రదేశంలోని జాజ్‌పూర్‌లోను, పాదాలు పిఠాపురంలోను ఉన్నవని ఐతిహ్యం. ఆ అసురుని దేహమే వేదికగా యజ్ఞం జరిగినదట. ఏడు దినాలు గడచేవరకు అతడు కదలరాదని నియమం. గడువు తీరకముందే శివుడు కోడిరూపం ధరించి కూశాడు. తెల్లవారిందని భ్రమించి అసురుడు కదిలాడు. కూసిన ఆ దేవుడే కుక్కుటేశ్వరుడై నేటికీ అక్కడ పూజలందుకుంటున్నాడు.

పీఠమైన శరీరం కదలరాదన్న ఈ కథను పసిబిడ్డల స్నానం సందర్భంలో తలచుకోవడం అపచారం కాదనుకుంటాను. ఎందుచేతనంటే, ఆ సీమలో శిశువు తొలి స్నానపీఠం కొయ్యతో చేసినది కాదు. అది అమ్మమ్మ కాళ్ళు. ఆమె పెరటిలో చిన్నపీట వేసుకొని కూర్చుని, కాళ్ళు బారజాచి, పాదాలు దగ్గరకు చేరుస్తుంది. ఆ రెండు కాళ్ళ నడుమ ఏర్పడే పల్లంలో బిడ్డ పరుంటాడు. తల ఆమె పాదాలవైపు, కాళ్ళు ఆమె ఒడివైపు. నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి, బోర్లా తిప్పి వీపు రుద్దుతుంది. తలమీద నీళ్ళు పడే వేళ నుదుట అరచేయి అడ్డుపెడుతుంది, కంటిలోనికీ ముక్కులోనికీ నీరు పోకుండా. చెంబుతో నీళ్ళందించడానికి మరొక స్త్రీ ఉండనే ఉంటుంది. బిడ్డ ఎటు జారబోయినా ఆ కాళ్ళు ముందుగానే గ్రహిస్తాయి. ఏ కర్మాగారమూ అటువంటి పీఠాన్ని ఇంతవరకు తయారుచేయలేదు.

మా నాయనమ్మ మా తమ్మునికి నీళ్ళు పోస్తున్నప్పుడు వీధిలోనుండి ఎవరో పిలిచినారు. ఒకమారు కాదు, నాలుగైదు మారులు. ఆమె పలికిందే తప్ప లేవలేదు. ఆపైన ఎవరో నిష్ఠూరమాడితే, "కోడి కూసినా నేను కదలను" అన్నది. అది పాదగయ కథను ఉద్దేశించిన మాట అని నాకు బోధపడడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక భాషా విశేషం చెప్పవలసి ఉన్నది. పిఠాపురం మహారాజు సూర్యారావు బహద్దరువారి పేర వెలసిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. మాటల పట్ల అంత శ్రద్ధ చూపిన ఆ సంస్థానపు ఊరిలో, బిడ్డకు స్నానం చేయించడాన్ని తల్లులు "నీళ్ళు పోయడం" అంటారు. ముద్దుచేస్తే "లాల పోయడం". రెంటిలోను క్రియ పోయడమే. పోసిన నీరు పెరటి కాలువలో కలిసిపోతుంది, బిడ్డచుట్టూ నిలువదు. కూర్చోనేర్చిన పిల్లవానిని చిన్నపీటమీదనో, నాపరాతిమీదనో కూర్చోబెట్టి నీళ్ళు పోసినా ఇదే రీతి. పీట కదిలి వాడు పక్కకు ఒరిగితే మోచేయి గీరుకుంటుంది, ఏడుస్తాడు, అంతే. మన పూర్వులు పీటను నేలకు బిగించే ఉపాయం వెదకకపోవడానికి ఇది ఒక హేతువని నా ఊహ.

వేసవిలో గంగాళంలో కాసిని నీళ్ళు పోసి పిల్లవానిని ఆడుకోనివ్వడం కూడ ఉండేది. ఆపైన రేకుతొట్టి, పిమ్మట ప్లాస్టిక్ తొట్టి వచ్చినవి. కూతురి పురుటికి అమెరికా వెళ్ళిన గోదావరి తీరపు తల్లులకు స్నానాలగదిలో నిలువెత్తు మనిషి పడుకోదగిన తొట్టి ఎదురైనది. కాళ్ళు చాచి కూర్చోవడానికి చోటు లేదు. నీరు పోవడానికి బదులు నిలుస్తుంది. నిలిచిన నీటిలో శిశువును కూర్చోబెట్టడానికే స్నానపీఠమనే పరికరం పుట్టింది. నడుముచుట్టూ ప్లాస్టిక్ చట్రం, అడుగున తొట్టికి అంటుకొనే రబ్బరు చిప్పలు.

ఆ చిప్పల పట్టు గాలిది. తడిచేసి నొక్కినప్పుడు లోపలి గాలి వెలుపలికిపోతుంది. బయటి గాలి ఒత్తిడి చిప్పను అదిమి ఉంచుతుంది. పదిహేడవ శతాబ్దంలో మాగ్డెబర్గ్ నగరానికి చెందిన ఆటో వాన్ గెరికే గాలి తీసివేసిన రెండు లోహపు అర్ధగోళాలను జతచేసి, గుర్రాలు లాగినా విడిపోవని చూపిన సూత్రమే ఇది. అయితే గెరికే గోళాలకు అంచులు సరిగా కుదిరి ఉండేవి. తొట్టి అడుగు కాలు జారకుండా గరుకుగా ఉంటే అంచులోనుండి గాలి చొరబడి పట్టు సడలుతుంది. సబ్బు జిడ్డు చేరినా అంతే. మన నలుగు విషయం మరీ చిక్కు: సున్నిపిండి రేణువు ఒక్కటి అంచుక్రింద చిక్కితే చాలు. నూనె రాసిన బిడ్డ చట్రంలోనుండి సులువుగా జారుతాడు కూడ. కనుక నలుగు పని తొట్టి వెలుపలనే ముగించి, బిడ్డను తుడిచి, చిప్పలు కడిగి, నున్నని అడుగుమీద ఒక్కొక్కటిగా నొక్కి, చేతితో గట్టిగా లాగి చూడాలి. ఊడివచ్చే పీఠాన్ని వాడకపోవడమే మేలు.

ఇంత చేసినా భయం తీరదు. పీఠం తలక్రిందులై, లేక బిడ్డ కాళ్ళ సందునుండి క్రిందికి జారి, లేక పైకి ఎక్కి దొర్లి మునిగిన విషాదాలు ఆ దేశంలో అనేకం జరిగినవి. పెద్దవారు ఒక్క నిమిషం పక్కకు వెళ్ళిన సమయంలోనే ఎక్కువ. తత్ఫలితంగా అక్కడి వినియోగదారుల వస్తుభద్రతా కమిషను 2010లో ఈ పీఠాలకు నిర్బంధ ప్రమాణాలు విధించింది. స్థిరత్వానికి ఒక పరీక్ష, కాళ్ళ సందుల కొలతకు మరొకటి. అయినప్పటికీ ఇది ఆధారం లేకుండా కూర్చోగల శిశువుకే తగినది. పట్టుకొని నిలబడజూచే వయస్సు వచ్చినదంటే దీని పని ముగిసినట్టే. రెండంగుళాల నీటిలోనే పసిబిడ్డ మునగగలడు. పైగా మునిగే బిడ్డ కేక వేయడు, చప్పుడు చేయడు. పక్కగదిలో చెవి ఒగ్గి ఉన్నాను అనుకోవడం వట్టి భ్రమ.

మా బంధువులలో ఒక పెద్దావిడ మనుమడి కోసం అమెరికా వెళ్ళి, ఆ చట్రాన్ని చూసి, ఒకసారి కదిపి, మారుమాటాడక పక్కన పెట్టివేసింది. తొట్టి అడుగున తువ్వాలు పరచి, తానే లోపల కూర్చుని, నీరు పోయే రంధ్రం తెరిచే ఉంచి, కాళ్ళమీద బిడ్డను వేసుకొని నీళ్ళు పోసింది. ఆనాడు టెలిఫోను రెండుసార్లు మోగినదట, ఎవరూ తీయలేదు. చివరి చెంబుడు నీళ్ళు బిడ్డ తలచుట్టూ దిగదుడిచి, "శ్రీరామరక్ష" అని, ఆ అరచేతి తొట్టిగోడమీదనే పారబోసింది.