జాతీయ పురస్కారాల్లో తెలుగు: పాటకు పట్టం, నటనకు నిరీక్షణ

2023 ఆగస్టు 24న ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 'పుష్ప: ది రైజ్' చిత్రానికి అల్లు అర్జున్ ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. ఒక తెలుగు చిత్రంలోని నటనకు ఈ గౌరవం దక్కడం అదే ప్రథమం. నటనకు జాతీయ పురస్కారాలు 1967 నాటి చిత్రాలతో మొదలయ్యాయి. తొలి ఉత్తమ నటుడు బెంగాలీ కథానాయకుడు ఉత్తమ్ కుమార్. ఆయన తర్వాత తెలుగు తెర వంతు రావడానికి ఐదు దశాబ్దాలు దాటింది.

ఈ ఆలస్యాన్ని ఉత్తరాది వివక్ష అనే ఒక్క మాటతో తేల్చివేయడం పరిపాటి. కానీ పురస్కారాల జాబితాలు అంత సులభమైన జవాబు ఇవ్వవు. అవే జాబితాల్లో తెలుగు పాట దశాబ్దాలుగా వెలుగుతూనే ఉంది. 'అల్లూరి సీతారామరాజు' గీతానికి శ్రీశ్రీ, 'సిరిసిరిమువ్వ'కు పి.సుశీల, 'సితార'కు ఎస్.జానకి, 'మాతృదేవోభవ'కు వేటూరి జాతీయ పురస్కారాలు అందుకున్నారు. న్యాయనిర్ణేతలు తెలుగు సినిమాను వినలేదని అనలేం. విన్నంత శ్రద్ధగా చూశారా అన్నదే ప్రశ్న.

విభాగమే లేని కాలం

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. 'దేవదాసు' (1953), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) నాటికి జాతీయ ఉత్తమ నటి అనే విభాగమే లేదు. చిత్రాలకు మాత్రమే పతకాలు, యోగ్యతా పత్రాలు ఇచ్చేవారు. కాబట్టి ఆనాటి సావిత్రిని న్యాయనిర్ణేతలు కాదన్నారనడం సరికాదు. ఆమె శిఖరదశ ముగిశాక గానీ పోటీ మొదలు కాలేదు.

'మాయాబజార్'లో ఆమె చేసింది ఇప్పటికీ అబ్బురమే. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. తెరపై కనిపించేది సుకుమారి, లోపల ఉన్నది రాక్షసుడు. పెళ్లికూతురి వయ్యారం మధ్యలో ఒక్కసారిగా మగ ఠీవి తొంగిచూస్తుంది, వెంటనే సర్దుకుంటుంది. ఆ పాటను 'మహానటి'లో పునఃసృష్టించారు. అందులో సావిత్రి పాత్ర పోషించిన కీర్తి సురేశ్‌కు 66వ పురస్కారాల్లో జాతీయ ఉత్తమ నటి గౌరవం లభించింది. కీర్తి అర్హతను ఎవరూ శంకించలేదు. అయితే అసలు నటనకు లేని పతకం దాని ప్రతిబింబానికి దక్కిన సందర్భాలు చరిత్రలో అరుదు.

ఎస్.వి.రంగారావుదీ ఇదే కథ. 'నర్తనశాల' (1963)లో కీచకుడి పాత్రకు జకార్తాలోని ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఆయన ఉత్తమ నటుడయ్యారు. స్వదేశంలో అప్పటికి నటనకు పురస్కారమే లేదు. తర్వాత ఉత్తమ నటుడి విభాగం వచ్చినా, ఆయన రాజ్యమేలిన గుణచిత్ర, ప్రతినాయక పాత్రలకు చోటు దొరకలేదు. ఉత్తమ సహాయ నటుడు, నటి విభాగాలు 1984 నాటి చిత్రాలతో గానీ ఆరంభం కాలేదు. రంగారావు 1974లోనే కన్నుమూశారు.

గొంతుకు దక్కింది, ముఖానికి దక్కలేదు

అసలైన అన్యాయం ఆ తర్వాతి కాలానిది. 27వ జాతీయ పురస్కారాల్లో 'శంకరాభరణం' నాలుగింటిని గెలుచుకుంది. ఉత్తమ జనరంజక చిత్రంగా ఎంపిక కావడంతో పాటు సంగీతానికి కె.వి.మహదేవన్, గానానికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం గౌరవం పొందారు. శంకరశాస్త్రిగా నటించిన జె.వి.సోమయాజులు పేరు మాత్రం అందులో లేదు. ఆ ఏడాది ఉత్తమ నటుడు 'స్పర్శ్' చిత్రంలో అంధ ప్రధానోపాధ్యాయుడిగా నటించిన నసీరుద్దీన్ షా. ఆ ఎంపికను తప్పుపట్టడం కష్టమే.

అయినా సోమయాజులు సాధించినది వేరే తరహా. వృత్తిరీత్యా ఆయన డిప్యూటీ కలెక్టర్, రంగస్థలంపై 'కన్యాశుల్కం' రామప్ప పంతులు. గాయకుడు కాదు. మరొకరి గానాన్ని తన కంఠనాళంలో, కనుబొమల్లో, వేళ్ల కదలికలో నిజం చేయాలి. స్వరం తప్పిన కూతురిని ఒక్క పిలుపుతో నిలువరించే తండ్రి కోపంలోనూ, ఆదరణ తగ్గిన సభలో విద్వాంసుడి మౌనంలోనూ ఎక్కడా నాటకీయత మిగలదు. బాలు గానం శంకరశాస్త్రిదేనని దేశం నమ్మిందంటే అందులో సగం పుణ్యం ఆ ముఖానిది. పురస్కారాలు మిగతా సగాన్నే గుర్తించాయి.

1983లో 'సాగర సంగమం' విషయంలో అదే పునరావృతమైంది. సంగీతానికి ఇళయరాజా, గానానికి బాలు ఎంపికయ్యారు. ఉత్తమ నటుడు 'అర్ధసత్య' కథానాయకుడు ఓంపురి. కమల్ హాసన్ అంతకు ముందు ఏడాదే తమిళ చిత్రం 'మూండ్రాం పిరై'కి ఆ పురస్కారం అందుకున్నారు. ఆయనకు ఉత్తమ నటుడిగా దక్కిన మూడు జాతీయ పురస్కారాలూ తమిళ చిత్రాలకే. నృత్యోత్సవ ఆహ్వానపత్రికలో తన ఛాయాచిత్రం కనిపించగానే బాలు పాత్ర నవ్వలేక, ఏడవలేక తడబడే ఘట్టానికి అనువాదం అక్కర్లేదు. భాషే అడ్డమని ప్రతిసారీ సరిపెట్టుకోవడానికి వీల్లేదని చెప్పే సాక్ష్యం ఇది.

సబ్‌టైటిల్‌లో జారిపోయేది

అలాగని భాషను పూర్తిగా కొట్టివేయనూ లేం. 'ముత్యాల ముగ్గు' (1975) ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. దాని ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్య జాతీయ పురస్కారం పొందారు. బాపు తీర్చిన దృశ్యం ఏ భాషవారికైనా అందుతుంది. అదే చిత్రంలో సూర్యోదయాన్ని చూసి హత్యను తలచుకునే కాంట్రాక్టరుగా రావు గోపాలరావు పలికిన తీరు మాత్రం తెలుగు చెవికి మాత్రమే పూర్తిగా చేరుతుంది. ముళ్లపూడి వెంకటరమణ రాసిన ఆ సంభాషణల్లో బెదిరింపు ఎక్కడా బెదిరింపులా వినిపించదు. మర్యాదే ఆయుధం. నువ్వు, మీరు, తమరు అన్న మూడింటినీ ఆంగ్ల సబ్‌టైటిల్ ఒకే సర్వనామంలోకి కుదిస్తుంది. దానితో పాటే పాత్రలోని క్రౌర్యమూ కరిగిపోతుంది. పింగళి నాగేంద్రరావు పుట్టించిన 'అసమదీయులు' వంటి మాటలకు అనువాదమే లేదు. సూర్యకాంతం సాధింపులకు, రేలంగి సాగదీతలకు పట్టిన గతి కూడా అదే.

ఇందుకు భిన్నమైన ఉదాహరణలూ ఉన్నాయి. కాళీపట్నం రామారావు కథ ఆధారంగా తీసిన 'యజ్ఞం'కు పి.ఎల్.నారాయణ 1991 చిత్రాల్లో ఉత్తమ సహాయ నటుడయ్యారు. ఆ పేరు నేటి తరానికి పెద్దగా తెలియకపోవడం మరో రకమైన విస్మరణ.

నటీమణుల దారి వేరు

ఉత్తమ నటి జాబితాలో తెలుగు పరిస్థితి కొంత మెరుగు. తెనాలిలో జన్మించిన శారద తొలి రెండు పురస్కారాలను మలయాళ చిత్రాలైన 'తులాభారం', 'స్వయంవరం'లకు అందుకున్నారు. 'నిమజ్జనం'తో మూడోది తెలుగుకు వచ్చింది. అప్పట్లో ఆ పురస్కారాన్ని 'ఊర్వశి' అని పిలిచేవారు. ఆ పేరు వాడుకలోంచి పోయినా తెలుగువారికి ఆమె నేటికీ ఊర్వశి శారదే.

బి.నర్సింగరావు 'దాసి'లో అర్చన తెలంగాణ దొర గడీలోని కమలాక్షిగా మాటలతో కాక ఒంగిన వెన్నుతో, దించిన చూపుతో మెప్పించారు. 'కర్తవ్యం'లో విజయశాంతి అందుకు పూర్తి భిన్నం. వ్యాపార చిత్రం, పోలీసు అధికారిణి, ఘాటైన సంభాషణలు. 1990 నాటి న్యాయనిర్ణేతలు ఆమెను ఎంపిక చేశారంటే, జనాదరణ పొందిన తెలుగు సినిమాలోనూ నటన కనిపించగలదని అర్థం. మగ నటుల విషయంలో ఆ చూపు మరో మూడు దశాబ్దాలకు గానీ తెరుచుకోలేదు.

మారినది ఎంత?

'పుష్ప' కథానాయకుడు చిత్తూరు యాసలో మాట్లాడతాడు. అది సబ్‌టైటిల్‌కు లొంగేది కాదు. అయితే ఒక భుజం ఎత్తి నడిచే ఆ నడక ఏ భాషకైనా లొంగుతుంది. పైగా చిత్రం హిందీ అనువాదంలో దేశమంతా ఆడింది. మాండలికం ముందుగా దేహం ద్వారా ప్రయాణించిందన్నమాట.

అదే ఏడాది సంగీత విభాగాలను చూస్తే పాత ధోరణి చెక్కుచెదరలేదు. పాటల స్వరకల్పన (దేవిశ్రీ ప్రసాద్), నేపథ్య సంగీతం (కీరవాణి), గాయకుడు (కాలభైరవ), గీతరచన (చంద్రబోస్) అన్నీ తెలుగు చిత్రాలకే వచ్చాయి. ఐదింటిలో గాయని పురస్కారం ఒక్కటే తమిళానికి వెళ్లింది. అంతకు ముందే ఆస్కార్ వేదికపైనా అదే జరిగింది. భారత్ తరఫున గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'ను పంపగా, 'ఆర్ఆర్ఆర్' పాటతో కీరవాణి, చంద్రబోస్ ప్రతిమను అందుకున్నారు. ఆస్కార్‌కు భారత్ అధికారికంగా పంపిన ఏకైక తెలుగు చిత్రం 'స్వాతిముత్యం'.

2025 ఆగస్టు 1న ప్రకటించిన 71వ పురస్కారాల్లో 'బేబి' గాయకుడు రోహిత్, 'బలగం' గీతరచయిత కాసర్ల శ్యామ్ ఎంపికయ్యారు. ఉత్తమ నటుడి గౌరవాన్ని షారుక్ ఖాన్, విక్రాంత్ మాస్సే పంచుకున్నారు. తెలుగు నుంచి నటనకు దక్కిన గుర్తింపు ఒక బాలికది. 'గాంధీ తాత చెట్టు'కు సుకృతి వేణి ఉత్తమ బాలనటుల్లో ఒకరిగా నిలిచింది.