లీడ్స్ వెస్టిండియన్ల సంఘం: క్రికెట్ జట్టు నుంచి సొంత భవనం దాకా

ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్‌లోని లీడ్స్ నగరంలో చాపెల్‌టౌన్ అనే పేట ఉంది. అక్కడి వెస్టిండియన్ సెంటర్ కరీబియన్ కుటుంబాలు కలుసుకునే చోటు. భవనం 1980ల నాటిది. దాని వెనుక ఉన్న సంఘ జీవితం మాత్రం 1948లోనే మొదలైంది.

వెస్టిండియన్లు ఎవరు?

వీరు పశ్చిమ భారతదేశం వారు కారు. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, సెయింట్ కిట్స్, నెవిస్ వంటి కరీబియన్ దీవులవారు. అప్పట్లో ఇవన్నీ బ్రిటిష్ వలస ప్రాంతాలు. వీరిలో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి. 19వ శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి ట్రినిడాడ్, గయానా చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీల్లో తెలుగువారూ ఉన్నారు.

క్రికెట్‌తో తొలి అడుగు

రెండో ప్రపంచ యుద్ధంలో వేలాదిమంది కరీబియన్ యువకులు బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేశారు. వారిలో జమైకాకు చెందిన ఆల్ఫర్డ్ గార్డ్‌నర్ ఒకరు. యుద్ధం ముగిశాక స్వదేశం వెళ్లి, 1948 జూన్‌లో ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడలో తిరిగి వచ్చి లీడ్స్‌లో స్థిరపడ్డారు. అదే ఏడాది మిత్రులతో కలిసి కరీబియన్ క్రికెట్ క్లబ్ స్థాపించారు. బ్రిటన్‌లో నల్లజాతివారు పెట్టుకున్న తొలి క్రికెట్ క్లబ్బుల్లో అది ఒకటి. గార్డ్‌నర్ 2024లో, 98 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సొంత క్లబ్ ఎందుకు?

ఆ రోజుల్లో నల్లవారికి గది అద్దెకిచ్చే ఇంటివారు అరుదు. కొన్ని పబ్బులు లోపలికి రానిచ్చేవి కావు. 1965 చట్టం పబ్బులు, హోటళ్లలో వివక్షను నిషేధించింది. 1968 చట్టం ఇళ్లకు, ఉద్యోగాలకు ఆ రక్షణ ఇచ్చింది. సభ్యత్వంతో నడిచే ప్రైవేటు క్లబ్బులు మాత్రం తప్పించుకున్నాయి. భారత సంతతి సిక్కు ఒకరికి లండన్‌లోని ఒక క్లబ్ సభ్యత్వం నిరాకరించిన కేసులో, 1968 చట్టం అలాంటి క్లబ్బులకు వర్తించదని 1973లో నాటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. మరుసటి ఏడాది ఒక కార్మికుల క్లబ్ విషయంలోనూ అదే తీర్పు వచ్చింది.

1976 చట్టం ఈ లొసుగును పూడ్చింది. 25 మంది లేదా అంతకంటే ఎక్కువ సభ్యులున్న క్లబ్బులు జాతి కారణంగా ఎవరినీ తిరస్కరించకూడదంది. అయితే ఒక జాతి లేదా ప్రాంత మూలం గలవారి మేలు కోసమే ఏర్పడిన సంఘాలకు మినహాయింపు ఇచ్చింది. చర్మం రంగును బట్టి సభ్యత్వం పెట్టడం మాత్రం ఆ మినహాయింపులోకి రాదు.

సంఘం, కార్నివాల్

1964లో లీడ్స్‌లో యునైటెడ్ కరీబియన్ అసోసియేషన్ ఏర్పడింది. దీవుల పేర్లతో విడివిడిగా ఉన్నవారిని ఒక్కచోటికి చేర్చడం, హక్కుల కోసం మాట్లాడడం దాని పని. నెవిస్ నుంచి వచ్చిన ఆర్థర్ ఫ్రాన్స్ చొరవతో 1967 ఆగస్టులో తొలి కార్నివాల్ జరిగింది. పాటర్‌న్యూటన్ పార్కు నుంచి టౌన్ హాల్ దాకా ఊరేగింపు సాగింది. వేషాలు, స్టీల్ బ్యాండ్, వీధి ఊరేగింపు మూడూ కలిసిన తొలి కరీబియన్ కార్నివాల్ ఐరోపాలో తమదేనని నిర్వాహకులు చెబుతారు. 2017లో అది స్వర్ణోత్సవం జరుపుకుంది.

సొంత గూడు

1980ల మొదట్లో లేకాక్ ప్లేస్‌లో వెస్టిండియన్ సెంటర్ తెరుచుకుంది. పరాయి హాళ్ల దయ మీద నడిచిన కార్యక్రమాలకు నిలకడైన చిరునామా దొరికింది. సౌండ్ సిస్టమ్ సంగీతానికి ఈ హాలు దేశమంతటా పేరు తెచ్చుకుంది.

బయటి తలుపులు మూసి ఉన్నందువల్ల పుట్టిన ఈ సంఘం, చట్టం ఆ తలుపులు తెరిపించాక కూడా చెదిరిపోలేదు. అప్పటికే ఆట, పండుగ, పాట దాని సొంతమయ్యాయి. వాటిని పిల్లలకు అందించడానికి ఒక చోటు కూడా ఏర్పడింది.