మూకీ రాక్షసుడికి గొంతు వచ్చిన కథ

ఘటోత్కచుడు అనగానే మనకు ఎస్.వి.రంగారావు గుర్తొస్తాడు. పెళ్లివారి వంటకాల ముందు కూర్చుని ఆయన నోరు తెరిస్తే లడ్డూలు వాటంతటవే లేచివచ్చి లోపలికి పోతుంటాయి. 1957 మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైన నాటి నుంచి తెలుగు పిల్లలకు రాక్షసుడంటే ఆ రూపమే. కానీ ఆ కథ వెండితెరకు ఎక్కడం అదే మొదటిసారి కాదు. 1921లోనే కొల్హాపూరులో బాబూరావు పెయింటర్ ‘సురేఖాహరణ్’ అనే మూకీ తీశాడు. అది మన శశిరేఖా పరిణయమే. వి.శాంతారాం కృష్ణుడి వేషంతో తెరకెక్కింది అందులోనే. ఘటోత్కచుడు లేకుండా ఆ కథ నడవదు గదా! అంటే రంగారావుకు ముప్ఫై ఆరేళ్ల ముందే తెరమీద ఒక ఘటోత్కచుడున్నాడు. మాట లేదు, పాట లేదు. ఇవాళ చూద్దామంటే ఆ బొమ్మా లేదు.

ఆనాటి ఫిలిం నైట్రేటుతో చేసేవారు. అది అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, తనకు కావలసిన ఆక్సిజన్ తానే పుట్టించుకుంటుంది. అంటుకోకపోయినా మన ఉక్కపోతలో డబ్బాలోనే జిగటగా మారి, చివరికి గోధుమరంగు పొడి అవుతుంది. మిగిలిన వాటిలో ఎన్నింటినో వెండి కోసం కరిగించారు. మన మూకీ రాక్షసులు అలా పోయారు. మద్రాసులో నటరాజ మొదలియార్ తీసిన ‘కీచక వధం’ పోయింది. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ పేరుతో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’, ‘గజేంద్ర మోక్షం’, ‘మత్స్యావతారం’ పోయాయి. దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన ‘కాళియ మర్దన్’ మటుకు మనకు మిగిలింది. అందులో కృష్ణుడు ఫాల్కే కూతురు మందాకిని. ఆ పసిపిల్ల పాము పడగల మీద నిలబడితే చూసేవాళ్లకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అసలు ఆ రాక్షసులు మరీ అంత మూగవాళ్లేమీ కాదు. మూకీ ఆడేచోట తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. హార్మోనియం, తబలా ఉండేవి. ఏ ఊరివాడు ఆ ఊరి భాషలో, తన గొంతుతో రాక్షసుణ్ణి అరిపించేవాడు. బొమ్మ ఒకటే, గొంతులు ఊరికొకటి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ గొంతు గురించే.

మాయాబజార్‌కు ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. నిర్మాతల్లో ఒకరైన చక్రపాణిది తెనాలి. అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. క్షయ వ్యాధికి మదనపల్లె శానిటోరియంలో ఉన్నప్పుడు బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలు తెలుగు చేసిన మనిషి. కళాదర్శకుల్లో ఒకరు మాధవపెద్ది గోఖలే. ఆయనది పొన్నూరు దగ్గర బ్రాహ్మణకోడూరు. ఘటోత్కచుడికి ‘వివాహ భోజనంబు’ పాడిన మాధవపెద్ది సత్యానిదీ ఆ ఊరే, బాపట్లకు దగ్గర. పాత్ర ఆకారం రంగారావుది, పాటలోని గొంతు సత్యానిది. ఆ గొంతులో కడుపునిండిన సంతోషం వినిపిస్తుంది, లోపల్నుంచి రాక్షసపు ఉరుమూ వినిపిస్తుంది. సురభి నాటకాల వాళ్లు ఎన్నో ఏళ్లుగా ఊరూరా ‘మాయాబజార్’ ఆడి జనం చెవులను అందుకు సిద్ధం చేసి ఉంచారు. కె.వి.రెడ్డి దర్శకత్వం, పింగళి మాటలు, మార్కస్ బార్‌ట్లే కెమెరా దానికి తోడయ్యాయి. పోయిన ఫిలిం దొరకకపోయినా రాక్షసుడు తిరిగొచ్చాడు.

ప్రపంచంలోనూ ఇలాగే జరిగింది. 1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాతు’ ప్రతులను తగలబెట్టమని కోర్టు చెప్పింది, ‘డ్రాక్యులా’ రాసిన బ్రామ్ స్టోకర్ భార్య దావా వేసినందుకు. ఎక్కడో కొన్ని ప్రతులు మిగిలాయి. దాన్ని 1979లో హెర్జోగ్, 2024లో ఎగ్గర్స్ మళ్లీ తీశారు. ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ అనే అమెరికన్ మూకీ మాత్రం 1965లో ఎం.జి.ఎం. గోదాములో కాలిపోయింది. ఫొటోలు మిగిలాయి కాబట్టి ఆ రక్తపిశాచి పళ్లు ఇంకా భయపెడుతున్నాయి.

మరి మన మొసలి? ‘గజేంద్ర మోక్షం’ మొసలిని మళ్లీ తెరకెక్కించే భాగ్యం నాకే వస్తే రేపల్లె దాటి పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున మొదలుపెడతాను. అవతలి గట్టు దివిసీమ, ఆ పైన వెంకయ్య పుట్టిన మచిలీపట్నం. కిందికి పోతే నిజాంపట్నం మడ అడవులు. అక్కడ పోటువేళ నీళ్లు వేళ్ల మధ్యకు ఎక్కుతుంటే గుటక వేసినట్టు చప్పుడవుతుంది. మొసలిని చివరిదాకా చూపించను. ఆ చప్పుడు వినిపిస్తాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసిన తీరం ఇది. నీళ్లంటే ఏమిటో ఇక్కడి పెద్దవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏనుగు కాలు పట్టిన ఆ పట్టు, పోతన పద్యాల్లో ఏళ్లు సాగిన ఆ పోరు, వీళ్లకు పురాణం కాదు. అందుకే ఆ సినిమాలో కథ చెప్పే గొంతు నిజాంపట్నం రేవు మనిషిదే కావాలి. స్టూడియోలో నేర్పిన గొంతు పనికిరాదు.

రాయడానికీ వంశం ఉంది. ‘చందమామ’లో ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’ సీరియల్స్ రాసి మూడు తరాల పిల్లలకు నిద్ర పట్టకుండా చేసిన దాసరి సుబ్రహ్మణ్యానిదీ తెనాలి ప్రాంతమే. ఆ పత్రికను ఏళ్ల తరబడి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఇంత సరుకున్న నేల మీద నుంచి బయటి దయ్యాలను అరువు తెచ్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఒక్క మాట అడుగుతాను. తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లలో, మూతపడ్డ టూరింగ్ టాకీసుల సామాన్లలో పాత కరపత్రాలు, బొమ్మలు, రీలు డబ్బాలు ఉంటే తూకానికి వేయకండి. పాత రీలు అయితే ఎండ తగలనివ్వకండి, దగ్గర్లో దీపం పెట్టకండి. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారానికి కబురు చేయండి. ఆ డబ్బాలో ఉన్నది మన మొసలే కావచ్చు.